ముప్పై ఏడులో మళ్లీ కిరీటం

కుప్పం నుంచి రాష్ట్ర సరిహద్దు దాటితే కేజీఎఫ్. బంగారు గనులు నడిపిన తెల్లదొరలు అక్కడ గోల్ఫ్ మైదానం వేసుకున్నారు. మదనపల్లె, పుంగనూరు వీధుల్లో ఆడే ఆట కాదది. అయినా అందులో తెలుసుకోదగ్గ ముచ్చట ఒకటుంది. 1986లో జాక్ నిక్లాస్ 46 ఏళ్ల వయసులో మాస్టర్స్ గెలిచాడు. 2021లో ఫిల్ మికల్సన్ 50 దాటాక పీజీఏ చాంపియన్‌షిప్ నెగ్గాడు. గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్దవైన నాలుగు టోర్నీల్లో యాభై ఏళ్ల వయసులో గెలిచినవాళ్లు అంతకుముందు లేరు.

అలాంటి గెలుపు తెలుగువాళ్లకూ ఉంది, అరవై నాలుగు గళ్ల మీద.

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ చదరంగ చాంపియన్ అయ్యాడు. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్లది. ఆ సంబరం సద్దుమణగక ముందే న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ పోటీలు మొదలయ్యాయి. వాటిలో ఒక్కొక్కరికి ఆట మొత్తానికి 15 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ మరో 10 సెకన్లు. మహిళలకు మూడు రోజుల్లో 11 ఆటలు. కుర్రవయసుకు కలిసొచ్చే పోటీ ఇది. 37 ఏళ్ల కోనేరు హంపి మొదటి ఆటే ఓడిపోయింది.

హంపి గుడివాడ బిడ్డ. ‘చాంపియన్’ అనే మాటలోంచి తీసి పెట్టిన పేరది. తండ్రి అశోకే తొలి గురువు. 2002లో 15 ఏళ్లకు గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు, అంత చిన్న వయసులో ఆ హోదా అందుకున్న ఆడపిల్ల ప్రపంచంలోనే లేదు. తర్వాత పెళ్లి, 2017లో పాప. ఆట ఆగింది. మళ్లీ బల్ల ముందు కూర్చుని 2019లో మాస్కోలో ర్యాపిడ్ కిరీటం గెలిచింది. 2023లో సమర్కండ్‌లో అదే కిరీటం టైబ్రేక్‌లో చేజారింది.

న్యూయార్క్‌లో ఆ తొలి ఓటమి తర్వాత ఒక్కో పాయింటూ కూడబెట్టుకుంటూ పైకొచ్చింది. ఓడిన ఆటను అక్కడే వదిలేసి తర్వాతి ఆటకు కూర్చోవడం తేలిక కాదు. ఇరవై ఏళ్లకు పైగా పోటీల్లో నలిగినందువల్లే ఆమెకు ఆ నేర్పు అబ్బిందని నా నమ్మకం. చివరి రౌండుకు ముందు ఏడుగురు 7.5 పాయింట్లతో సమానంగా నిలిచారు. వాళ్లలో చైనాకు చెందిన మహిళల ప్రపంచ చాంపియన్ జు వెన్‌జున్ ఉంది, మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక ఉంది. హంపికి నల్ల పావులు వచ్చాయి. అంటే మొదటి ఎత్తు అవతలివాళ్లదే. డ్రాతో సరిపెట్టుకున్నా ఎవరూ తప్పుపట్టరు. కానీ ఇండోనేషియాకు చెందిన ఐరీన్ సుకందర్‌ను ఆమె ఓడించింది. ఆ ఏడుగురిలో చివరి ఆట గెలిచింది హంపి ఒక్కతే. మొత్తం 8.5 పాయింట్లతో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది.

అక్కడితో ఆగలేదు. 2025 జులైలో బటూమీలో జరిగిన మహిళల చెస్ ప్రపంచ కప్‌లో 38 ఏళ్ల హంపి ఫైనల్ దాకా వెళ్లింది. 19 ఏళ్ల దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో టైబ్రేక్‌లో ఓడింది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో చెస్ టోర్నీలు పెట్టేవారికి ఒక విన్నపం. పిల్లల విభాగాల పక్కనే తల్లుల కోసం నాలుగు బల్లలు వేయండి. చదువులు, పెళ్లిళ్ల మధ్య పావులపెట్టెను అటకెక్కించిన ఆడవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు. వాళ్లనూ పేరుపెట్టి పిలవండి.