ఎన్ని మార్కులు రావలెను? – పరీక్షల వేళ చింత, అజీర్ణం, అనిద్ర

సంవత్సరంలో రెండు మార్లు, సెమిస్టరు పరీక్షలకు పది పదిహేను రోజుల ముందు, బందరులోని మా వైద్యశాలకు వచ్చే రోగుల వయస్సు హఠాత్తుగా తగ్గిపోతుంది. మోకాళ్ళ నొప్పుల వారి నడుమ ఇరవై ఏళ్ళ పిల్లలు పుస్తకాల సంచులతో కూర్చుని కనిపిస్తారు. కొందరు గుడివాడ నుంచి రైలులో వస్తారు, కొందరు అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి వైపు నుంచి బస్సులలో వస్తారు. అందరి బాధలూ ఇంచుమించు ఒకటే. ఆకలి లేదు, ఉదయం వికారం, తిన్నది అరగదు, రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తే తెల్లవారే దాకా మళ్ళీ నిద్ర లేదు. వెంట వచ్చిన తల్లిదండ్రులు మాత్రం, "డాక్టరుగారూ, జ్ఞాపకశక్తికి ఏదైనా లేహ్యం ఇప్పించండి" అని అడుగుతారు.

నిజానికి ఈ పిల్లలలో జ్ఞాపకశక్తి లోపించిన వారు బహు స్వల్పం. వారి వ్యాధికి మూలం చింత. పథ్యమైన ఆహారాన్ని మితంగానే తిన్నప్పటికీ చింత, శోకం, భయం, క్రోధం, రాత్రి జాగరణ ఉన్నవానికి అది జీర్ణం కాదని చరకసంహిత విమానస్థానం చెబుతున్నది. అతిగా చింతించడం వల్ల రసవహ స్రోతస్సులు దూషితమవుతాయని కూడా ఆ స్థానంలోనే ఉన్నది. అన్నరసం సరిగా ఏర్పడక, ఏర్పడినది సరిగా ప్రసరించక శరీరం నీరసిస్తే, మనస్సు పుస్తకం మీద ఎట్లా నిలుస్తుంది?

దివిసీమ నుంచి ఒక రైతు తన కుమార్తెను తీసుకువచ్చాడు. డిగ్రీ చివరి సెమిస్టరు. నాడి చూస్తే వాతం ప్రకోపించి ఉన్నది, నాలుక మీద తెల్లని పూత. "ఏమిటమ్మా నీ దిగులు?" అని అడిగితే మాట్లాడక, నోటుపుస్తకం చివరి పుట తెరిచి చూపింది. పుట నిండా ఒకే లెక్క, పదిసార్లు, పది విధాలుగా! ఆ పిల్లకు ఉపాధ్యాయురాలు కావలెనని కోరిక. డి.ఎస్.సి. శిక్షణకు అవనిగడ్డ పేరుపొందిన ఊరు కదా, ఆ ప్రాంతపు పిల్లలలో ఈ ఆశ సహజం. బి.ఇడి. ప్రవేశానికి డిగ్రీలో సాధారణంగా 50 శాతం ఉండాలి (రిజర్వేషను వర్గాలకు సడలింపు ఉన్నది). ఐదు సెమిస్టర్లు కలిపి ఆమె సగటు 48.5. "చివరి పరీక్షలలో 75కి 58 రావాలి తాతగారూ, నాకు ఎన్నడూ అన్ని రాలేదు" అని కన్నీరు పెట్టుకున్నది.

లెక్క నేను కూడా వేసి చూశాను. ఆరు సెమిస్టర్లకూ సమానమైన మార్కులనుకుంటే మొత్తం 300 కావాలి, ఐదింటి మొత్తం 242.5, కనుక ఆరవదానిలో 57.5 రావాలి. అంతవరకు ఆమె లెక్క సరియైనదే. అయితే ఆ 57.5 నూటికి కావలసినది, 75కి కాదు. 2015–16లో ప్రవేశించిన సెమిస్టరు పద్ధతిలో సాధారణంగా పత్రానికి 25 మార్కులు కళాశాలలోనే అంతర్గత పరీక్షలకు ఇస్తారు, మిగిలిన 75 చివరి పరీక్షకు. ఆమెకు అంతర్గత మార్కులు సగటున 18 అప్పటికే చేతిలో ఉన్నాయి. అవి తీసివేస్తే కావలసినది 39.5, అంటే పత్రానికి 40. నలభై ఆమెకు ఇంతకు మునుపు వచ్చిన మార్కులే! తండ్రి ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేనిచ్చిన ఔషధం స్వల్పం. నాలుగవ నాటికి పిల్ల ఆకలి అంటున్నదని కబురు వచ్చింది.

కనుక విద్యార్థులకు నేను చెప్పే మొదటి చికిత్స ఇది. పరీక్షలకు నెల ముందే, పగటివేళ, భోజనం చేసిన తరువాత, ఒక్కసారి లెక్క వేసుకొనవలెను. ఉత్తీర్ణతకు ఎంత, కోరుకున్న శాతానికి ఎంత అన్న రెండు అంకెలు చాలు. చివరి పరీక్షలో విడిగా కనీస మార్కుల నియమం ఉన్నదా అన్నది కళాశాలలోనే అడిగి తెలుసుకొనవలెను, స్నేహితుల మాట నమ్మరాదు. తరువాత ఆ కాగితాన్ని పెద్దలకు ఇచ్చివేయవలెను. అర్ధరాత్రి వేసే లెక్కలో కూడికలు కూడ తప్పుతాయి.

ఇక చదువు. అధ్యయన విధిని చరకుడు వివరంగా చెప్పాడు. తెల్లవారుజామున లేచి, కాలకృత్యాలు తీర్చుకుని, శుచియైన సమప్రదేశంలో సుఖంగా కూర్చుని, అర్థాన్ని మనస్సుతో అనుసరిస్తూ, మరల మరల వల్లించవలెనన్నాడు. గురుకులంలో మా గురువుగారు అష్టాంగహృదయం మాకు ఇట్లాగే చెప్పారు. నిన్నటి పాఠం అప్పజెప్పనిదే నేటి పాఠం ఉండేది కాదు. ఈనాటి పిల్లలు నాలుగు నెలల పాఠాన్ని నాలుగు రాత్రులలో మింగాలని చూస్తారు. అతిభోజనానికి కలిగే గతే దానికీ కలుగుతుంది.

ఆహారంలో ఈ పదిహేను రోజులూ కొత్త పదార్థాలు వద్దు. పాతబియ్యపు అన్నం, పెసరకట్టు, బీరకాయ, పొట్లకాయ, కొద్దిగా నెయ్యి. అరుగుదల లేనివారు మధ్యాహ్న భోజనం చివర పలుచని మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు శొంఠి, సైంధవ లవణం కలిపి త్రాగవలెను. వేసవి పరీక్షలలో మన సముద్రతీరపు ఉక్కకు చెమట ధారలు కడుతుంది. రాత్రి ఒక చెంచా ధనియాలు నానబెట్టి ఉదయం వడకట్టి పటికబెల్లంతో త్రాగితే దాహం, మంట శమిస్తాయి. సాయంత్రం తరువాత టీ, కాఫీ మానవలెను. నిద్రకు ముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన ఖర్చులేని మంచి ఉపాయం.

మేధ్య రసాయనాలుగా చరకుడు మండూకపర్ణి, యష్టిమధుకం, తిప్పతీగ, శంఖపుష్పి అనే నాలుగింటిని చెప్పాడు. మండూకపర్ణి అంటే మన సరస్వతి ఆకు. మన డెల్టాలో తేమగల గట్ల మీద పాకుతుంది. అయితే పురుగుమందులు చల్లిన చేల గట్ల మీది ఆకు కోయరాదు, ఇంట్లో కుండీలో పెంచుకొనవలెను. రసాయనమన్నది నెలల తరబడి సేవించవలసినది. పరీక్ష ముందురోజు మొదలుపెడితే ఫలమేమీ ఉండదు. రక్తపోటు ఉన్నవారు యష్టిమధుకం వాడరాదు. వస అధికమైతే వాంతులవుతాయి. సారస్వతారిష్టం వంటివి వైద్యుని సలహా లేక కొనరాదు.

ఒక హెచ్చరిక. పిల్లవాడు వరుసగా కొన్ని రాత్రులు నిద్రపోకున్నా, తిండి పూర్తిగా మానినా, "నేను ఉండి ఏం లాభం" అన్న మాట నోట వచ్చినా, అది నా కషాయాలతో తీరేది కాదు. వానిని ఒంటరిగా వదలక వెంటనే మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళవలెను. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

పరీక్ష రాసి వచ్చిన మధ్యాహ్నం సంగతి మరొకటి. బస్సుస్టాండులో నిలబడి ఏ ప్రశ్నకు ఎన్ని వస్తాయని కూడుకోవడం మానవలెను. ఇంటికి వచ్చి చన్నీళ్ళతో ముఖం, కాళ్ళు కడుక్కుని, మజ్జిగ అన్నం తిని కొంతసేపు పడుకొనవచ్చు. పగటి నిద్ర ఇతర ఋతువులలో నిషిద్ధమే, గ్రీష్మంలో మాత్రం శాస్త్రం అనుమతించింది.