తెర వెనుక గొంతు

అభినయం నాలుగు విధాలని నాట్యశాస్త్రం చెబుతుంది. అవి ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. మూకీ చిత్రాల కాలంలో నటులకు వాచికంతో పనిలేదు. 1927 అక్టోబరులో అమెరికాలో ‘ద జాజ్ సింగర్’ విడుదలై, తెరమీది బొమ్మకు మాట, పాట వచ్చాయి. దానితో అంతవరకు రూపంతో, హావభావాలతో మెప్పించిన తారలకు కంఠస్వరమే పరీక్షగా మారింది.

ఈ సంధికాలమే ఇతివృత్తంగా ఎం.జి.ఎం. సంస్థ 1952లో విడుదల చేసిన సంగీత ప్రణయ హాస్య చిత్రం ‘సింగిన్ ఇన్ ద రెయిన్’. దీనికి జీన్ కెల్లీ, స్టాన్లీ డోనెన్ దర్శకులు. బెట్టీ కామ్‌డెన్, అడాల్ఫ్ గ్రీన్ రచయితలు. నిర్మాత ఆర్థర్ ఫ్రీడ్ గతంలో గేయ రచయిత. ఆయన రాయగా నాసియో హెర్బ్ బ్రౌన్ స్వరపరచిన పాత పాటలే ఇందులో అధికం. ఆ పాటలకు తగినట్లుగా రచయితలు కథను అల్లారు.

డాన్ లాక్‌వుడ్, లీనా లామాంట్ మూకీ చిత్రాల్లో ప్రసిద్ధి పొందిన జంట. లీనా సౌందర్యవతి, కానీ ఆమెది కీచుగొంతు. వారి తొలి టాకీని ముందుగా ప్రదర్శించినప్పుడు మాట ఒకరిది, పెదవుల కదలిక మరొకరిది కావడంతో ప్రేక్షకులు పగలబడి నవ్వుతారు. అప్పుడు డాన్ మిత్రుడు కాస్మో ఒక ఉపాయం చెబుతాడు. డాన్ ప్రేమించిన వర్ధమాన నటి కాథీ సెల్డన్ చేత లీనాకు గొంతు ఇప్పించడమే ఆ ఉపాయం. ఆ ఆనందంలోనే డాన్ గొడుగు ముడిచి, జోరువానలో తడుస్తూ నర్తిస్తాడు. డాన్ పాత్రధారి జీన్ కెల్లీ ఆ దృశ్యంలో తీవ్రమైన జ్వరంతోనే నటించాడు.

చిత్రం విజయం సాధిస్తుంది. కాథీ ఎప్పటికీ తనకు గొంతుగానే మిగిలిపోవాలని లీనా పట్టుబడుతుంది. ఆనాటి సభలో ప్రేక్షకులు పాడమని కోరగా, లీనా వేదికపై పెదవులు కదుపుతుంది. తెర వెనుక కాథీ పాడుతుంది. డాన్, కాస్మో, స్టూడియో అధిపతి కలిసి తెర లాగివేస్తారు. నిజమైన గాయని ఎవరో లోకానికి తెలుస్తుంది. హాస్యం వెంట నడిచిన కథ ఇక్కడ న్యాయం వద్దకు చేరుతుంది.

అయితే చిత్ర నిర్మాణంలో మరొక విశేషం దాగి ఉంది. కాథీగా నటించిన డెబ్బీ రేనాల్డ్స్ లీనా కోసం పాడినట్లు చూపిన ‘వుడ్ యూ’ పాటను నిజానికి పాడినది బెట్టీ నోయిస్. ఆమె పేరు తెరపై కనిపించలేదు. లీనా సంభాషణలకు కాథీ గొంతు ఇచ్చినట్లు చూపిన సన్నివేశంలో వినిపించేది లీనా పాత్రధారిణి జీన్ హేగెన్ సహజ కంఠమే. మరుగునపడిన గాయనికి కథలో న్యాయం చేసిన చిత్రం తన గాయని పేరును మాత్రం మరుగునే ఉంచింది!

నేపథ్యగానం తెలుగువారికి సుపరిచితం. ఘంటసాల, సుశీల వంటి గాయకులకు ఇక్కడ నటులతో సమానమైన ఆదరణ లభించింది. కానీ సంభాషణలకు గొంతు అరువిచ్చే డబ్బింగ్ కళాకారులలో చాలామంది పేర్లు ప్రేక్షకులకు తెలియవు.

అమెరికా ప్రభుత్వం 1989లో జాతీయ చలనచిత్ర పట్టికకు ఎంపిక చేసిన తొలి 25 చిత్రాలలో ఇది ఒకటి. 2006లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దీనిని ఆ దేశపు సంగీత చిత్రాలలో ప్రథమ స్థానంలో నిలిపింది. కళాసృష్టి సమష్టి కృషి. దాని ఫలాన్ని అనుభవించేవారు తెర ముందున్న వారితోపాటు తెర వెనుక ఉన్నవారిని కూడా గుర్తించడం కనీస ధర్మం.