కాగితం చేరని సిరా

ఇంక్‌జెట్ ప్రింటరులో పోసిన సిరా అంతా కాగితం మీదికే పోతుందని చాలామంది నమ్మకం. పోదు. అందులో కొంత అక్షరం కాకుండానే, బొమ్మ కాకుండానే యంత్రం అడుగుకు చేరిపోతుంది. 2013లో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ ప్రింటర్లను ఇళ్లలో వాడినట్టు అప్పుడప్పుడూ మాత్రమే నడిపి చూసింది. చాలా మోడళ్లలో సగం సిరా కూడా కాగితాన్ని చేరలేదు. మిగతాదంతా ప్రింటరు తన నోరు కడుక్కోవడానికే వాడుకుంది.

ఈ కడుక్కునే అవసరం యంత్రం పుట్టుకలోనే ఉంది. 1977లో జపాన్‌లోని కెనన్ పరిశోధనశాలలో ఇచిరో ఎండో బృందం పనిచేస్తుండగా, వేడి సోల్డరింగ్ ఐరన్ ఒకటి సిరా నింపిన సిరంజి సూదికి తగిలింది. సూది మొన నుంచి సిరా చివ్వున చిమ్మింది. వేడికి లోపల పుట్టిన బుడగే సిరాను బయటికి తోసిందని వాళ్లు గ్రహించారు. బబుల్‌జెట్ అలా మొదలైంది. అమెరికాలో హ్యూలెట్ ప్యాకర్డ్ ఇంజనీరు జాన్ వాట్ కూడా దాదాపు అదే కాలంలో విడిగా ఈ ఆలోచనకే వచ్చాడు. 1984లో ఆ సంస్థ థింక్‌జెట్ మార్కెట్‌లోకి వచ్చింది. ఎప్సన్ మాత్రం వేడి జోలికి పోలేదు. కరెంటు ఇస్తే వంగే పీజో పలకతో సిరాను నొక్కి చిమ్మించింది.

దారులు రెండైనా చిక్కు ఒక్కటే. సిరా బయటికి వచ్చే రంధ్రాలు వెంట్రుక కంటే సన్నం. మన ఫొటో స్టూడియోల్లో బాగా కనబడిన ఎప్సన్ ఎల్800నే తీసుకోండి. ఆరు రంగులు, రంగుకు 90 చొప్పున 540 రంధ్రాలు. అన్నిటికంటే చిన్న చుక్క 1.5 పికోలీటర్లు. పికోలీటరు అంటే లీటరులో లక్ష కోట్లవ వంతు. అంత సన్నని రంధ్రం దగ్గర సిరా కాస్త ఆరినా దారి మూసుకుపోతుంది. హ్యూలెట్ ప్యాకర్డ్ చాలా మోడళ్లలో ఈ రంధ్రాలుండే భాగాన్ని, అంటే హెడ్డును, కార్ట్రిడ్జ్‌లోనే పెట్టింది కాబట్టి కార్ట్రిడ్జ్ మారిస్తే హెడ్డూ మారిపోతుంది. ఎప్సన్ హెడ్డు అలా కాదు, యంత్రం ఉన్నంతకాలం ఉండాలి. దాన్ని కాపాడుకోవలసిందే.

అందుకే పని లేనప్పుడు హెడ్డు ఒక చివరకు వెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. ఆ మూత అడుగున సన్నని పైపు, దాని వెంట చిన్న పంపు. హెడ్ క్లీనింగ్ నొక్కగానే పంపులోని రోలర్లు పైపును నొక్కుతూ తిరుగుతాయి. రంధ్రాల్లోంచి తాజా సిరా పీల్చుకు వస్తుంది, దాంతో పాటే ఎండిన పొరా, గాలి బుడగలూ వస్తాయి. అదంతా యంత్రం అడుగునో వెనుకనో ఉన్న మెత్తని దూది లాంటి ప్యాడ్‌లోకి పోతుంది. సిరాలోని నీరు కొంత ఆవిరవుతుంది. గ్లిజరిన్ వంటివి అంత తొందరగా ఆవిరి కావు, జిగటగా అక్కడే ఉండిపోతాయి. కాబట్టి ప్యాడ్ ఏదో ఒక రోజు నిండక తప్పదు.

నిండిందని ప్రింటరుకు ఎలా తెలుస్తుంది? నిజానికి తెలియదు. ఇళ్లలో, చిన్న షాపుల్లో వాడే చాలా మోడళ్లలో ప్యాడ్ తడిని కొలిచే సాధనమే లేదు. ప్రతి క్లీనింగ్‌కూ ఇంత సిరా పోయి ఉంటుందని లోపలి మెమరీ చిప్పు లెక్క రాసుకుంటుంది. లెక్క నూటికి నూరు కాగానే ఎర్ర లైట్లు వెలుగుతాయి, యంత్రం ఆగిపోతుంది. హెడ్డు బాగుంటుంది, మోటార్లు బాగుంటాయి, ట్యాంకుల నిండా సిరా ఉంటుంది. అయినా ఒక్క కాగితం రాదు. హాల్ టికెట్ల కోసం పిల్లలు క్యూ కట్టిన రోజున ఇలా ఆగితే ఆ షాపు యజమాని కష్టం చూడాలి.

మెకానిక్ వచ్చి "ప్యాడ్ ఫుల్ అన్నా, రీసెట్ కొట్టాలి" అంటాడు. సాఫ్ట్‌వేర్‌తో లెక్కను సున్నా చేస్తాడు. యంత్రం లేస్తుంది. ప్యాడ్ మాత్రం నిండుగానే ఉంది! అలాగే నడిపితే సిరా పొంగి బల్ల మీదికి, ఒక్కోసారి లోపలి సర్క్యూట్ల దాకా పోతుంది. రీసెట్ ఒక్కటే చేసి చేతులు దులుపుకోవడం మరమ్మతు కాదు.

అసలు మరమ్మతు బయటి సీసా. పంపు నుంచి ప్యాడ్‌లోకి పోయే పైపు కొసను బయటికి లాగుతారు. దానికి సరిపోయే మరో పైపు, చాలాచోట్ల సెలైన్ పైపే, బిగుతుగా తొడిగి ప్రింటరు వెనక నుంచి ఒక ప్లాస్టిక్ సీసాలోకి దించుతారు. సీసా మూతకు రెండు చిల్లులు ఉండాలి. ఒకటి పైపుకు, రెండోది గాలి పోవడానికి. సీసా ప్రింటరు కంటే కింద ఉండాలి, పైపు కొస సిరాలో మునగకూడదు. పైపు ఎక్కడా మడత పడకూడదు. ఇది ముఖ్యం. మడత పడితే రబ్బరు మూతలో అన్ని రంగులూ కలిసి నిలిచిపోయి హెడ్డుకు అంటుకుంటాయి. పసుపు పచ్చగా రావాల్సిన చోట ఆకుపచ్చ మరక వస్తుంది. అలా వస్తే హెడ్డు పోయిందని కంగారు పడే ముందు పైపు చూడండి.

సీసా పెట్టాక ఒకసారి క్లీనింగ్ నడిపితే పైపులో ముందు బుడగలు కదులుతాయి, వెనకే నల్లగా చిక్కటి సిరా జారుతుంది. ఆరు రంగులూ కలిస్తే మిగిలేది ఆ నలుపే. అంచు లేకుండా ఫొటోలు ప్రింట్ చేసేటప్పుడు కాగితం పక్కన చల్లిన సిరా మాత్రం ఈ పైపులోకి రాదు. దానికి కాగితం నడిచే దారిలో వేరే స్పాంజీలు ఉన్నాయి, వాటిని విడిగా చూసుకోవాలి.

ఈ పరిష్కారం కంపెనీలకు తెలియనిదేమీ కాదు. 2006లో వచ్చిన ఎప్సన్ స్టైలస్ ప్రో 3800లోనే, వాడేవాళ్లే తీసి మార్చుకునే వ్యర్థ సిరా పెట్టె ఉంది. కానీ అది ఖరీదైన ప్రింటరు. చవక ప్రింటర్లకు బయట ట్యాంకులు తగిలించి సిరా చవకగా నింపుకోవడం వీధి మెకానిక్‌లు ముందే మొదలుపెట్టారు. ఎప్సన్ 2010లో ఇండోనేషియాలో తన సొంత ట్యాంకు ప్రింటర్లు తెచ్చింది, ఆ తర్వాత మన దేశానికీ అవి వచ్చాయి. సిరా చవకైంది, ప్రింట్లు పెరిగాయి. చాలా మోడళ్లలో ప్యాడ్ మాత్రం యంత్రం లోపలే ఉండిపోయింది. పోసే వైపు మూత తెరిచి, పారే వైపు మూసి ఉంచడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఇప్పుడు కొన్ని ఎప్సన్, కెనన్ మోడళ్లలో ఈ వ్యర్థ సిరా పెట్టెను (మెయింటెనెన్స్ పెట్టె అంటారు) మనమే మార్చుకోవచ్చు. ఈ సౌకర్యం అతి చవక మోడళ్లకూ రావాలి.

కొత్త ప్రింటరు కొనేటప్పుడు సిరా ధరతో పాటు ఆ పెట్టె మనమే మార్చుకోగలమా అని కూడా అడగండి. వారంటీ ఉన్నన్నాళ్లూ పైపు జోలికి పోకండి. సీసా పెట్టుకుంటే దాని మీద పెద్ద అక్షరాలతో "వ్యర్థ సిరా" అని రాసి పిల్లలకు అందకుండా ఉంచండి. నిండాక మురికి కాలువలో పోయకండి. రంపపు పొట్టులో ఇంకనిచ్చి, ఆరాక ఇంట్లోని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.