కంచ పక్కన గాజు మేడ

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిందో లేదో, హైదరాబాద్ గచ్చిబౌలి గుట్టల మీద గడ్డి గోధుమరంగుకు తిరుగుతుంది. మార్చికల్లా చేత్తో నలిపితే పొడి అవుతుంది. ఎవరో చెత్తకు నిప్పు పెడతారు, ఖాళీ ప్లాటు చూస్తుండగానే నల్లబడుతుంది. పక్కనే ఇరవై అంతస్తుల గాజు మేడ. లోపల స్ప్రింక్లర్లు, పొగను పసిగట్టే పరికరాలు అన్నీ ఉన్నాయి. అవన్నీ లోపల పుట్టే నిప్పు కోసం పెట్టినవి.

కార్చిచ్చు అనగానే మంటల గోడ మీద పడుతున్నట్టు ఊహించుకుంటాం. అమెరికా అటవీ సర్వీసు శాస్త్రవేత్త జాక్ కోహెన్ 1990ల చివర్లో దీన్ని కెనడా అడవుల్లో పరీక్షించి చూశారు. చెట్లు కొసలదాకా తగలబడుతుంటే ఎదురుగా చెక్కగోడలు నిలబెట్టారు. పది మీటర్ల దూరంలోవి కొన్నిసార్లు అంటుకున్నాయి. ఇరవై, ముప్పై మీటర్లలోవి అంటుకోలేదు. దూరం పెరిగేకొద్దీ వేడి పలచబడుతుంది, పైగా మంట ఒకచోట ఎక్కువసేపు నిలవదు. మన గడ్డిమంటైతే కొన్ని సెకన్లే.

మరి ఊళ్లకు ఊళ్లు ఎలా కాలుతున్నాయి? ఎక్కువగా నిప్పురవ్వలతో. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ చుట్టూ 16 వేలకు పైగా కట్టడాలు నాశనమయ్యాయి. ఆ ఫొటోలు చూడండి, బూడిదకుప్పల నడుమ చాలాచోట్ల చెట్లు పచ్చగానే ఉన్నాయి. గాలికి లేచిన రవ్వ కిలోమీటరు దాటి కూడా పోగలదు. వాలిన చోట దానికి మేత దొరకాలి, అంతే.

మన దగ్గర ఆ మేత మేడ వెనకవైపు ఉంటుంది. సన్‌షేడ్ మీద జానెడు మందాన కానుగ ఆకులు. కింద ఇంటీరియర్ పనిలో మిగిలిన థర్మాకోల్, ప్లైవుడ్ ముక్కలు, చిరిగిన గ్రీన్ నెట్. నాలుగడుగుల అవతల జనరేటర్ గది జాలీ. గోడకు అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్. పేరుకు అల్యూమినియమే గానీ, చౌకరకంలో రెండు రేకుల మధ్య ఉండేది పాలిథిలీన్. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మందిని బలిగొన్న మంట ఈ రకం ప్యానెళ్లు పట్టుకునే పైకి పాకింది.

ఇక గాజు. ఎండుకొమ్మల కుప్ప దాని పక్కనే కాలితే అద్దం మధ్యభాగం వేడెక్కి సాగుతుంది, ఫ్రేములో దాగిన అంచు ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ లాగుడుకే చీలుతుంది. టెంపర్డ్ గాజు చాలా మెరుగు.

కాబట్టి గోడను ఆనుకుని ఒకటిన్నర మీటరు మేర కాలేదేదీ ఉండకూడదు, కంకరో బండలో పరవాలి. కాలిఫోర్నియాలో దీన్ని జోన్ జీరో అంటున్నారు. జాలీలకు 3 మిల్లీమీటర్లు మించని కళ్లున్న లోహపు మెష్ వేయాలి, ప్లాస్టిక్ దోమతెర కరిగిపోతుంది. గడ్డి అంటుకుందని తెలియగానే 101కి ఫోన్ చేసి, ఏసీకి బయటి గాలి వచ్చే దారి మూయాలి.

అసలు పక్కనున్న అడవినే కొట్టేస్తే పోలా అనేవాళ్లూ ఉంటారు. 400 ఎకరాల కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది, ఆ కారణాలు వేరు. నిప్పు లెక్కలో చూసినా అది తప్పుడు బేరమే. నీడ పోయిన నేలలో రెండు వానలకు గడ్డి లేస్తుంది, వేసవికి పెళపెళా ఎండుతుంది.

సంక్రాంతి వెళ్లాక ఓ రోజు నిచ్చెన వేయించి సన్‌షేడ్లు ఊడ్పించండి. కానుగ మార్చిలో మళ్లీ రాలుస్తుంది, అప్పుడు ఇంకోసారి.