బెంజి కారులో ఆమె కట్నం

మా దౌల్తాబాద్‌లో ఏ పెళ్లికైనా బెంజి కారు వచ్చిందంటే పిల్లలంతా చుట్టూ మూగుతారు. "దీని ఖరీదుతో ఎన్నెకరాలు కొనొచ్చో!" అని పెద్దవాళ్లు లెక్కలేస్తారు. ఆ కారు వెనక ఒక ఆడపిల్ల కట్నం డబ్బుందని ఎంతమందికి తెలుసు?

జర్మనీలో కార్ల్ బెంజ్ వర్క్‌షాపు చిక్కుల్లో పడితే, 1871లో ఆయనకు కాబోయే భార్య బెర్తా తన కట్నం ముందే ఇప్పించి, భాగస్వామి వాటా కొనిపించింది. 1886లో కారుకు పేటెంటు వచ్చింది. అది మాత్రం ఆయన పేరు మీదే! బండి కొనేవాళ్లే కరువు.

1888 ఆగస్టులో బెర్తా భర్తకు చెప్పకుండా, 15, 13 ఏళ్ల కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి కారులో బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైమాటే. దారిలో ఇంధనం మందుల షాపులో కొంది. గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టే ఆయనతో తోలు వేయించింది. పొద్దుగూకేవేళకు చేరి భర్తకు టెలిగ్రాం కొట్టింది. ఆ ప్రయాణంతోనే బండికి పేరొచ్చింది.

'మెర్సిడెస్' కూడా ఆడపిల్ల పేరే. డైమ్లర్ కార్లమ్మిన ఎమిల్ యెలినెక్ కూతురిది. 1926లో రెండు కంపెనీలూ కలిశాయి.

బెర్తా 1944లో కన్నుమూసింది. అమెరికాలోని ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటు దక్కింది 2016లో!

నా కట్నంతో తెరిచిన మా దుకాణం బోర్డు మీదా మావారి పేరొక్కటే ఉంది. ఈ కథ చెబితే, "మళ్లీ రంగులేసేటప్పుడు చూద్దాంలే" అన్నారు.

రంగు డబ్బా నిన్ననే తెప్పించాను.