వైరస్ ఉంది సరే, ఏం చేస్తోంది?

హెచ్‌పీవీ పాజిటివ్ అని రిపోర్టు చేతికి రాగానే క్యాన్సర్ వచ్చేసిందని హడలిపోయేవారు చాలామంది. అంత భయం అక్కర్లేదు. హ్యూమన్ పాపిలోమా వైరస్ ఆడామగా తేడా లేకుండా ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు లైంగిక సంబంధం ద్వారా సోకేదే. పదింట తొమ్మిది సందర్భాల్లో రెండేళ్లలోపే శరీరం దాన్ని వదిలించుకుంటుంది. అలా వదలకుండా తిష్ఠవేస్తేనే ముప్పు. అప్పుడు కూడా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. కాబట్టి వైరస్ ఉందని తెలిస్తే చాలదు, అది కణంలో ఏం చేస్తోందో కూడా తెలియాలి. ఆ సంగతి పట్టిచ్చే ఆనవాళ్లే బయోమార్కర్లు.

జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో ఈ క్యాన్సర్ కణితుల్లో హెచ్‌పీవీ 16 రకాన్ని, మరుసటి ఏడాది 18 రకాన్ని పట్టుకుంది. ప్రపంచంలోని కేసుల్లో దాదాపు 70 శాతానికి ఈ రెండు రకాలే మూలం. 2008లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం ఆయనకు దక్కింది.

ఈ వైరస్‌లు చేసే చేటంతా ముఖ్యంగా ఈ6, ఈ7 అనే రెండు ప్రోటీన్ల పని. డీఎన్‌ఏ దెబ్బతిన్న కణాన్ని విభజన చెందకుండా ఆపేది, అవసరమైతే చంపేసేది పీ53 అనే ప్రోటీన్. ఈ6 దాన్ని నాశనం చేయిస్తుంది. వేళ కాని వేళ కణం విభజన చెందకుండా చూసేది ఆర్‌బీ ప్రోటీన్. ఈ7 దాన్ని పనికిరాకుండా చేస్తుంది. ఇక అదుపు చేసేవారు లేక కణం విభజన చెందుతూనే ఉంటుంది.

వైరస్ గుట్టు రట్టయ్యేది ఇక్కడే. విభజనను ఆపడానికి కణం దగ్గర పీ16 అనే ప్రోటీన్ కూడా ఉంది. కానీ అది పనిచేసేది ఆర్‌బీ ద్వారానే. ఆర్‌బీ అదుపు తప్పగానే కణంలో పీ16 కుప్పలుగా తయారవుతుంది, ఫలితం మాత్రం ఉండదు. బ్రేకు రబ్బర్లు ఊడిపోయిన సైకిల్‌కు మీట ఎంత నొక్కితే ఏం లాభం? అలా పేరుకుపోయిన పీ16కు రంగు పట్టించి మైక్రోస్కోపులో చూడొచ్చు.

విభజన చెందుతున్న కణాల్లో కనిపించే మరో ప్రోటీన్ కేఐ-67. ఆరోగ్యంగా ఉన్న కణంలో ఈ రెండూ ఒకేసారి ఉండవు. ఒకటి విభజనను ఆపేది, రెండోది విభజన సాగుతోందని చెప్పేది. రెంటికీ వేర్వేరు రంగులు పట్టించి చూసినప్పుడు ఒకే కణంలో రెండు రంగులూ కనిపిస్తే వైరస్ పగ్గాలు చేజిక్కించుకుందన్నమాట. హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చినవారిలో ఎవరికి వెంటనే కాల్పోస్కోపీ (గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్ష) అవసరమో, ఎవరిని కొంతకాలం గమనిస్తే చాలో తేల్చడానికి ఈ జంట రంగుల పరీక్ష సాయపడుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో దీనికి ఆమోదం తెలిపింది.

అయితే వీటన్నిటికంటే ముందు పరీక్షకు రావాలి కదా! మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో 30–59 ఏళ్ల మహిళలు లక్షా 30 వేలమందికి పైగా పాల్గొన్న అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష జరిపిన ఊళ్లలో, ఏ పరీక్షా జరపని ఊళ్లతో పోలిస్తే, ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకా వేయించండి. అప్పటికే సోకిన వైరస్‌ను టీకా తొలగించలేదు గనక చిన్న వయసులోనే వేయించడం మేలు. 30 దాటిన ప్రతి మహిళా, టీకా వేయించుకున్నా సరే, 5 నుంచి 10 ఏళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోవాలి. పాజిటివ్ వస్తే భయపడి ఇంట్లో కూర్చోకండి, సిగ్గుపడి దాచుకోకండి. తర్వాతి పరీక్షకు వెళ్లండి. క్యాన్సర్‌కు ముందు దశలోనే పట్టుకుంటే దీన్ని రాకుండానే ఆపవచ్చు.