గినీ పిగ్ గడ్డి తినడం తగ్గించిందా? లోపలి పళ్ల సంగతి చూడాలి

ఇవాళ గినీ పిగ్ పళ్ల గురించి మాట్లాడుకుందాం. "పళ్లకి కూడా ఒక ఎపిసోడా బ్రో?" అనకండి. ఈ చిన్న ప్రాణి ఒక్క రోజు తినకుండా ఉన్నా పేగుల కదలిక ఆగిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అది తిండి మానేయడానికి పెద్ద కారణాల్లో పళ్లు ఒకటి.

ముందు బేసిక్స్. గినీ పిగ్‌కి మొత్తం 20 పళ్లు. ముందు పైన రెండు, కింద రెండు, మనకి కనిపించేవి ఇవే. మిగతా 16 లోపల ఉండే దవడ పళ్లు. ఈ ఇరవయ్యీ మన గోళ్లలాగా జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, ఇది ఎక్కడా ఆగని లూప్. పెరగడం ఆపలేం, అరగదీయడం ఒక్కటే దారి.

ఆ పని చేసేది గడ్డి. గడ్డిలో పీచు ఎక్కువ, సిలికా అనే గరుకు పదార్థం కూడా ఉంటుంది. దాన్ని గంటల తరబడి నమిలితే పళ్లు ఒకదానికొకటి రాసుకుని అరుగుతాయి. అదే పెల్లెట్లు, క్యారెట్ ముక్కలే పెడితే? నాలుగుసార్లు నమిలితే అయిపోతుంది. కడుపు నిండుతుంది, పళ్లు అరగవు. కొరకడానికి చెక్క ముక్క ఇస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది ముందు పళ్లకి పనికొస్తుంది, దవడ పళ్లకి కాదు.

మరి అరగకపోతే ఏమవుతుంది? కింది దవడ పళ్లు నాలుక వైపు వంగి పెరుగుతాయి. బాగా ముదిరితే రెండు వైపుల నుంచీ వచ్చి నాలుక మీద వంతెన కట్టేస్తాయి. నాలుక కింద ఇరుక్కుపోతుంది. పాపం ఆకలి ఉంటుంది, గిన్నె దగ్గరికి వస్తుంది, నోట్లో పెట్టుకుని వదిలేస్తుంది. మింగలేదు.

ఇవి కనిపిస్తే లేట్ చేయొద్దు: గడ్డి వదిలేసి మెత్తటివే తినడం, గడ్డం కింద తడి, చొంగ కారడం, పెంటికలు చిన్నవి అవ్వడం, కంట్లో నీరు, దవడ మీద గడ్డ. కన్నుకీ పంటికీ ఏంటి సంబంధం అంటారా? పై దవడ పళ్ల మూలాలు లోపలికి పెరిగితే కంటి వైపు నొక్కుతాయి.

అసలు చిక్కేంటంటే, ఇవి నొప్పిని దాచుకుంటాయి. వేటాడే జంతువులకి భయపడి బతికే ప్రాణులు కదా. అందుకే నేను చెప్పే బెస్ట్ టూల్ వంటింటి డిజిటల్ కాటా. పెద్ద గినీ పిగ్ సుమారు 700 నుంచి 1200 గ్రాములు ఉంటుంది. వారానికోసారి తూచి ఫోన్‌లో రాసుకోండి. వారంలో 50 గ్రాములు తగ్గితే డాక్టర్‌కి చూపించండి.

ఇంకోటి, విటమిన్ సి. మనలాగే వీటి ఒంట్లోనూ అది తయారవదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిచ్ అనే ఇద్దరు స్కర్వీ జబ్బుని గినీ పిగ్స్‌లోనే గమనించారు. విటమిన్ సి లేకపోతే చిగుళ్లు దెబ్బతిని పళ్లు వదులవుతాయి. రోజూ క్యాప్సికం ముక్క, కొంచెం కొత్తిమీర పెట్టండి. తిమోతి గడ్డి దొరక్కపోతే, మందు కొట్టని గరిక కడిగి పెట్టొచ్చు. వినాయకుడికి పెట్టే గరికే.

డాక్టర్ దగ్గర మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, ముందు పళ్లు చూసి "బాగానే ఉంది" అంటే ఆగిపోకండి. దవడ పళ్లు చూడమని, అవసరమైతే ఎక్స్‌రే తీయమని అడగండి. పూర్తిగా చూడాలన్నా, అరగదీయాలన్నా మత్తు ఇవ్వాల్సి రావచ్చు. రెండు, ఇంట్లో గోళ్ల కట్టర్‌తో పళ్లు కత్తిరించొద్దు, నిలువునా చీలిపోతాయి. మూడు, ఇది చాలా ముఖ్యం. చీము ఉందని మనం వాడే అమాక్సిసిలిన్ వేయకండి. మనకి మామూలు మాత్రే, కానీ అది దీని పేగుల్లోని మంచి బ్యాక్టీరియాని చంపేసి ప్రాణం తీయగలదు. కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూసే డాక్టర్ అయితే ఈ మాట మీరే అడగండి, మొహమాటపడొద్దు.

పళ్లు ఒకసారి వంకర తిరిగితే చాలావాటికి మళ్లీ మళ్లీ అరగదీయించాల్సి వస్తుంది. దానికంటే రోజూ గుప్పెడు గుప్పెడు గడ్డి వేయడం చాలా తేలిక. మీ ఇంట్లో ఉన్నదాని బరువు ఇవాళే తూచి కామెంట్‌లో పెట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.